పైలట్ కోర్సు ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

నమస్కారం అండీ. వెనకాల మోత వినిపిస్తోందా? అది విమానం కాదు, బళ్ళారి రోడ్డు ట్రాఫిక్. బెంగళూరులో జక్కూరు ఏరోడ్రోమ్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నా. అనంతపురం, కర్నూలు నుంచి మెసేజ్‌లు పెట్టే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ స్కూల్లో చేరాలి?" అది చివర్లో చూద్దాం. ముందు మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష.

కమర్షియల్ పైలట్ లైసెన్స్, అదే సీపీఎల్‌కి, మొదట క్లాస్ 2 మెడికల్. డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గుర్తించిన డాక్టర్ల జాబితా వాళ్ళ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఆ తర్వాత క్లాస్ 1. దీన్ని చేసే చోట్లలో ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది: పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు, వైమానిక దళం వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. రక్తం, ఈసీజీ, చెవులు, కళ్ళు, అన్నీ చూస్తారు. కళ్ళజోడు ఉందని భయపడకండి, జోడుతో 6/6 కనబడితే చాలు. రంగుల సంగతే వేరు. చుక్కల బొమ్మలో అంకె చదవమంటారు. నాతో చేరినవాడొకడు లక్షల్లో అడ్వాన్స్ కట్టేశాక ఆ బొమ్మల ముందు కూర్చున్నాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదన్న సంగతి అప్పటిదాకా వాడికే తెలియదు. డబ్బు తిరిగి రాలేదు.

నాకు కూడా మొదటిసారి బీపీ ఎక్కువని తాత్కాలికంగా అన్‌ఫిట్ రాశారు. రాత్రంతా బస్సులో కూర్చుని, దిగగానే రెండు ఫిల్టర్ కాఫీలు కొట్టి వెళ్తే ఇంకేం రాస్తారు! మీరు ముందురోజే వచ్చి పడుకోండి.

ఇక మన తెలుగోళ్ళకే ఉన్న తంటా, ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ముందూ వెనకా. పరీక్షలకి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్‌కి అప్లై చేసేలోపే మెమో ప్రకారం అన్నీ ఒకేలా దిద్దించుకోండి. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ వాళ్ళు ఓపెన్ స్కూల్లో మ్యాథ్స్ ఒక్కటీ రాసుకోవచ్చు.

పరీక్షలకి పాస్ మార్కు 70 శాతం. అందరూ జడిసేది నావిగేషన్‌కి, అంటే దారి లెక్కలకి. ఒక్క లెక్క చూపిస్తా, స్క్రీన్ చూడండి. 60 మైళ్ళు పోయేసరికి 1 మైలు పక్కకి జరిగితే 1 డిగ్రీ తప్పు. మనం 30 మైళ్ళకే 2 మైళ్ళు కుడికి పోయాం, అంటే 60కి 4. ఎడమకి 4 డిగ్రీలు తిప్పితే సరిపోతుందా? సరిపోదు, మనం వెళ్ళాల్సిన దారి గీత పక్కనే సమానంగా పోతూ ఉంటాం. గమ్యం ఇంకా 60 మైళ్ళుంటే, ఆ 2 మైళ్ళు కలుపుకోవడానికి ఇంకో 2 డిగ్రీలు. మొత్తం 6. ఎక్కాలు వస్తే చాలు.

ఇప్పుడు స్కూలు. లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు మీరే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యతంతా మీదే. 300 నాటికల్ మైళ్ళ ప్రయాణం ఒకటి, దారిలో రెండు వేరే ఏరోడ్రోమ్‌లలో దిగుతూ. ఏడాదిలో అయిపోతుందన్నారు నాకు. రెండేళ్ళు దాటింది. ఆ స్కూలు పేరు చెప్పను, ఈ ఊరిది మాత్రం కాదు. చేరేటప్పుడు ఐదు విమానాలు చూపించారు, ఎగిరేవి రెండే. హాస్టల్ అద్దె మాత్రం నెలనెలా ఆగకుండా ఎగిరింది! పైగా సీపీఎల్ చేతికొచ్చాక ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి విడిగా ట్రైనింగు, అనుమతి కావాలి, అదీ లక్షల్లోనే. పొలం అమ్మే మాట వచ్చినప్పుడు నాన్నకి ఈ ఖర్చు కూడా కలిపి చెప్పండి.

అందుకే ఆఫీసులో కూర్చుని బ్రోషర్ తిరగెయ్యకండి. తెల్లారేసరికి స్కూలు దగ్గర ఉండండి, ఎన్ని విమానాలు లేస్తున్నాయో లెక్కపెట్టండి. బయట టీ కొట్టు దగ్గర అక్కడి స్టూడెంట్ ఎవరైనా దొరుకుతారు. "పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు తమ్ముడూ?" అని అడగండి. నోటి లెక్క చెప్తే, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ చూపించమనండి.