"మరి చేతులు కడుక్కునేది ఏది?": పది నిమిషాల కథ గంటన్నర సినిమా ఎలా అవుతుంది

[తెర మీద చీకటి. దాబా, పైన చుక్కలు. ఒక చిన్నపిల్ల గొంతు మాత్రమే: "అయిపోయిందా? మరి చేతులు కడుక్కునేది ఏది?"]

నమస్తే. ఇప్పుడు విన్న ప్రశ్న మా అక్క కూతురిది. దానికి ఏడేళ్లు. పోయిన ఎండాకాలం సెలవులకి హనుమకొండలో మా ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పాత 'స్నో వైట్' కార్టూన్ సినిమా చూశాం. ఏడుగురు మరుగుజ్జులు, మాట్లాడే అద్దం, విషపు ఆపిల్ ఉంటాయి కదా, అదే. ఆ రాత్రి కరెంటు పోతే దాబా మీదికి చాపలేసుకుని వెళ్లాం. "చిన్నమ్మా, అసలు కథ చెప్పవా?" అంది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయించిన కథ అది. నేను చదివిందే కాబట్టి, ఏమీ కలపకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

పది పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. పిల్ల లేచి కూర్చుని ఆ ప్రశ్న అడిగింది.

సినిమాలో రాత్రి భోజనానికి ముందు స్నో వైట్ మరుగుజ్జులందరినీ "ఏవీ, మీ చేతులు చూపించండి" అంటుంది. అన్నీ మురికి చేతులే. కడుక్కుంటేగానీ తిండి లేదు పొమ్మంటుంది. బయట నీళ్ల తొట్టి దగ్గర ఆరుగురు సబ్బు రుద్దుకుంటూ నానా హడావిడి చేస్తారు. ఏడోవాడు, చిర్రుబుర్రులాడే గ్రంపీ, నేను రానంటే రానని దూరంగా కూర్చుంటాడు. చివరికి అందరూ కలిసి వాణ్ని ఎత్తుకొచ్చి తొట్టిలో ముంచుతారు. మా పిల్ల పొట్ట పట్టుకుని నవ్విన చోటు అదే. గ్రిమ్ కథలో అది లేనే లేదు.

[స్క్రీన్ మీద కాగితం, పెన్సిల్ గీతలు. ఒక చిన్న ఇల్లు, ఏడు కుర్చీలు.]

ఇంకా చిత్రం ఏమిటంటే, గ్రిమ్ కథలో మరుగుజ్జుల ఇల్లు మురికిగానే ఉండదు. ఏడు చిన్న పళ్లేలు, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, వరసగా ఏడు మంచాలు, అంతా అద్దంలా ఉంటుందని రాశారు. సినిమావాళ్లు ఆ ఇంటికి దుమ్ము పట్టించారు, గిన్నెలు అంట్లు చేశారు, మూలమూలలా సాలెగూళ్లు కట్టించారు. ఎందుకు? అక్కడికి వచ్చిన స్నో వైట్‌కి చేతినిండా పని ఉండాలి. ఊడ్వాలి, కడగాలి, అడవిలోని జంతువులన్నీ వచ్చి సాయం చెయ్యాలి. ఆ శుభ్రం చేయడంలోంచే చేతులు కడుక్కోవడం వచ్చింది.

పాత కథల మీద సినిమాల గురించి ఎవరు మాట్లాడినా ఒకే మాట వింటాం: "అసలు కథ చాలా భయంకరంగా ఉంటుంది, సినిమావాళ్లు అదంతా తీసేశారు" అని. నిజమే, తీసేశారు. గ్రిమ్ కథ చివర్లో, స్నో వైట్‌ని చంపాలని చూసిన రాణికి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి, ప్రాణం పోయేదాకా నాట్యం చేయిస్తారు. సినిమాలో ఆమె కొండ మీంచి పడి పోతుంది. కానీ తీసేసింది లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కథ సినిమాగా ఎలా మారిందో మనకి తెలియదు. కలిపింది చూడాలి. నాకైతే ఆ పని అక్కడే కనబడుతుంది.

ముందు ఈ నిడివి లెక్క సంగతి. సినిమా పుట్టిన కొత్తలో కథని సాగదీయాల్సిన అవసరమే లేదు. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ 1899లోనే సిండ్రెల్లా తీశాడు, అది ఆరు నిమిషాలు కూడా పెద్దగా దాటదు. 1926లో జర్మనీలో లోటె రైనిగర్ నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, మన తోలుబొమ్మల్లా వెనక నుంచి వెలుగు పెట్టి, 'వెయ్యిన్నొక్క రాత్రుల' కథలతో పూర్తి నిడివి సినిమా చేసింది. ఆ తర్వాత 1937 డిసెంబరులో వాల్ట్ డిస్నీ 'స్నో వైట్' వచ్చింది. 83 నిమిషాలు. గంటన్నర దగ్గర బొమ్మల సినిమా ఎవరు కూర్చుని చూస్తారని హాలీవుడ్‌లో చాలామంది ఎగతాళి చేశారు. పది నిమిషాల కథ చేతిలో ఉంది, 83 నిమిషాల తెర ముందుంది. మధ్యలో ఏం పొయ్యాలి?

ఒక దారి, కథలో ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ చూపించడం. గ్రిమ్ కథలో రాణి మూడుసార్లు మారువేషంలో వస్తుంది. మొదటిసారి నడుముకి కట్టుకునే తాడు అమ్ముతూ వచ్చి ఊపిరాడకుండా బిగిస్తుంది. రెండోసారి విషపు దువ్వెన. మూడోసారి ఆపిల్. నోటితో చెప్పే కథకి ఈ మూడుసార్లు ప్రాణం. పిల్లలకి ముందే తెలుసు, తలుపు తీయొద్దు తీయొద్దని వాళ్లే అరుస్తారు. కానీ అదే తెర మీద మూడుసార్లు చూపిస్తే రెండోసారికే "ఈ పిల్లకి బుద్ధి లేదా" అనిపిస్తుంది. సినిమావాళ్లు ఆ సంగతి పసిగట్టి రెండు రాకల్ని తీసేసి ఆపిల్ ఒక్కటే ఉంచారు. అంటే ఉన్న కథ ఇంకా చిన్నదైంది! దాంతో నింపాల్సిన చోటు ఇంకా పెరిగింది.

అప్పుడు మరుగుజ్జుల వైపు చూశారు. గ్రిమ్ కథలో వాళ్లకి పేర్లు లేవు. ఏడుగురూ ఒకే మనిషిలా మాట్లాడతారు. సినిమాలో ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక గుణం వచ్చాయి. ఒకడు పెద్దరికం చేయబోయి మాట తడబడతాడు, ఒకడు అసలు మాట్లాడడు, ఒకడికి అన్నింటికీ కోపమే. ఇప్పుడు తొట్టి దగ్గరికి మళ్లీ వెళ్దాం. చేతులు కడుక్కోనని మొండికేసిన ఆ గ్రంపీయే, స్నో వైట్‌కి ఆపద వచ్చిందని తెలియగానే అందరికంటే ముందు లేడి మీదికి ఎక్కి ఉరుకుతాడు. తొట్టిలో వాణ్ని ముంచిన సీన్ లేకపోతే, ఆ ఉరుకుడు చూసి మన గొంతు పట్టేయదు. నవ్వించడానికి కలిపారనుకున్నది, అరగంట తర్వాత ఏడిపించడానికి పనికొచ్చింది.

అలా అని కలిపిందల్లా ఉంచలేదు. మరుగుజ్జులు సూప్ తాగే సీన్ ఒకటి వార్డ్ కింబాల్ అనే యానిమేటర్ ఎంతో కష్టపడి గీశాడు. బొమ్మలన్నీ పెన్సిల్‌తో కదిలాక, కథ అక్కడ ఆగిపోతోందని డిస్నీ దాన్ని తీయించేశాడు. మనిషి కష్టం అంతా పోయింది. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. చేతులు కడుక్కోవడం కథని ముందుకి తోస్తుంది, సూప్ తాగడం తొయ్యదు.

[దృశ్యం మారుతుంది. ఎర్రటి పటం, దాని మీద వరసగా బొమ్మలు. వేలు మెల్లగా కిందికి జరుగుతుంది.]

ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. మా వరంగల్ నుంచి పెద్ద దూరం లేని చేర్యాల చూడండి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాశీ పటాలు మీలో చాలామంది మేళాల్లో చూసే ఉంటారు. నేత గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూస్తారు. ఆరాక దాని మీద బొమ్మలు గీస్తారు. వెనక ఎర్రటి రంగు నింపుతారు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య పూల అంచు. పటం విప్పుతూ పోతే కథ కిందికి దిగుతూ పోతుంది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు ఇలాంటి పటం ముందు పెట్టుకునే కథ నడిపేవాళ్లు.

పటంలో ఒక్కో ఘట్టానికి ఒక్కటే బొమ్మ. కదలదు, మాట్లాడదు. ఆ బొమ్మ దగ్గర కథకుడు ఎంతసేపు ఆగాలన్నది మాత్రం పటం మీద రాసి ఉండదు. జనం ఉషారుగా ఉంటే ఒక బొమ్మ దగ్గర పాట, పక్కవాడి వంత, మధ్యలో ఆ ఊరి ముచ్చట ఒకటి కలిపి చాలాసేపు నిలబడొచ్చు. నిద్ర ముంచుకొస్తుంటే కట్టెతో ఒకసారి చూపించి దాటేయొచ్చు. బొమ్మ గీసినవాళ్లది కథ. బొమ్మ దగ్గర ఆగే పని చెప్పేవాళ్లది. సినిమా డైరెక్టర్ చేసేది కూడా ఈ ఆగడమే.

ఆగడం ఎంత బాగా కుదరాలో చెప్పడానికి నాకు 1950లో వచ్చిన డిస్నీ 'సిండ్రెల్లా' కంటే మంచి ఉదాహరణ దొరకలేదు. దాని మూలం ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో అచ్చు వేయించిన కథ. గుమ్మడికాయ బండి, గాజు చెప్పు అందులోవే. ఆ కథలో ఎలుకలు చేసే పని ఒక్కటే: మంత్రం పడగానే గుర్రాలవుతాయి, మళ్లీ ఎలుకలవుతాయి. సినిమాలో ఆ ఎలుకలకి పేర్లు పెట్టారు, చొక్కాలు తొడిగారు, తరమడానికి ఒక పిల్లిని తెచ్చారు. చెప్పు తొడిగి చూసే మనిషి ఇంటికి వచ్చిన రోజున సవతి తల్లి ఆ పిల్లని పైగదిలో పెట్టి తాళం వేస్తుంది. ఇద్దరు ఎలుకలు ఆ తాళంచెవిని మెట్లమీంచి పైకి మోస్తాయి. తమకంటే బరువైన చెవి. ఒక మెట్టు ఎక్కుతాయి, రొప్పుతాయి, ఇంకో మెట్టు. ఎన్ని మెట్లున్నాయో పైకి చూసి ఒక ఎలుక కూలబడుతుంది. తాళం వేయడం, చెవి మోయడం రెండూ పెరో కథలో లేవు.

దానికంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. పెరో కథలో చెప్పు సరిపోయాక, సిండ్రెల్లా జేబులోంచి రెండో చెప్పు తీసి తొడుక్కుంటుంది. చదివితే చిన్న ముచ్చటలా ఉంటుంది, ఎలాగూ మొదటిది సరిపోయింది కదా. సినిమాలో సవతి తల్లి కర్ర అడ్డంపెట్టి చెప్పు తెచ్చేవాణ్ని పడేస్తుంది. గాజు చెప్పు ముక్కలైపోతుంది. అందరి మొహాలూ పాలిపోతాయి. అప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా, రెండోది నా దగ్గర ఉంది అంటుంది. రెండో చెప్పుని సినిమావాళ్లు కనిపెట్టలేదు. అది రెండున్నర శతాబ్దాలుగా పెరో కథలోనే పని లేకుండా పడి ఉంది. వాళ్లు దానికి పని కల్పించారు.

మన సినిమాలూ అంతే. 1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళ భైరవి' వెనక మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలున్నాయి. కాశీకి నడుస్తూ మజిలీ మజిలీకి చెప్పుకునే కథలవి. ఇక్కడ మజిలీ అంటేనే ఆగిన చోటు. ఎస్.వి. రంగారావు మాంత్రికుడిగా గడ్డం నిమురుకుంటూ తీసుకునే ఆ తీరిక చూడండి, తోటరాముడి పక్కన అంజి అనే నేస్తాన్ని చూడండి. కథకి మాంత్రికుడు, వీరుడు, రాకుమారి ఉంటే చాలు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడడానికి అంజి కావాలి.

కలిపినప్పుడల్లా బాగుపడుతుందని నేను అనను. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన మత్స్యకన్య కథని 1989లో సినిమా తీసినప్పుడు మూడు రోజుల గడువు కలిపారు, బేరం మాత్రమే ఆడే సముద్రపు మంత్రగత్తెని పెద్ద విలన్‌ని చేశారు. సినిమా పరుగెత్తింది. కానీ మూలంలో, మనిషి కాళ్లు తెచ్చుకున్నాక ఆ పిల్ల వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టుంటుంది. చివరికి రాకుమారుణ్ని చంపితే తను బతుకుతుందని అక్కలు తమ జుట్టు ఇచ్చి కత్తి తెచ్చిస్తారు. ఆమె నిద్రపోతున్న అతన్ని చూసి ఆ కత్తిని సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ విసిరేయడం సినిమాలో లేదు. అక్కడ ఇంకేం కలిపినా ఆ చోటు నిండలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

[మళ్లీ దాబా. చాప అంచు, పక్కన నీళ్ల చెంబు.]

మా పిల్ల ప్రశ్నకి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. పక్క చాప మీద పడుకున్న మా బాపమ్మ అందుకుంది. పరకాల దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. "నేను చెప్తా రా" అని ఏడు చేపల కథ ఎత్తుకుంది. అనగనగా ఒక రాజు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపుని ఆవు మెయ్యలేదు, ఆవుని జీతగాడు విడవలేదు, జీతగాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వకి పిల్ల ఏడుపు, పిల్లకి చీమ కుట్టింది. చెప్పేస్తే రెండు నిమిషాల కథ.

బాపమ్మ దాన్ని ముప్పావుగంట చెప్పింది. ఎండని చేప ఏడో కొడుకుదట, వాడు తిప్పి వేయడం మర్చిపోయి పరకాల అంగడికి పోయాడట. జీతగాడి దగ్గర చాలాసేపు ఆగింది. పొద్దున్నుంచి ఏం తినలేదని, కడుపు ఎట్లా మాడుతోందో వాడి గొంతుతోనే చెప్పింది. చీమ వంతు వచ్చేసరికి గొంతు సన్నగా చేసి, "నా బంగారు పుట్టల వేలు పెడితే కుట్టనా?" అంటూ పిల్ల అరికాలి మీద గిచ్చింది. దాబా అంతా నవ్వు.

మొన్న దసరాకి పిల్ల మళ్లీ వచ్చింది. పక్కింటి చిన్నోడికి అదే కథ చెప్తుంటే తలుపు చాటు నుంచి విన్నాను. జీతగాడి దాకా వచ్చింది. అవ్వ బువ్వ తెచ్చింది, విస్తరి వేసింది. జీతగాడు కూర్చోబోయాడు.

"ఆగు," అంది అవ్వ గొంతుతో. "ఏవీ, చేతులు చూపించు."