ఎపిసోడ్ 41: గులాబీల కత్తిరింపు (అనుకున్నాం)

ఉష: నమస్కారం, మళ్ళీ వచ్చేశాం, ఫోన్లో తెనాలి నుంచి మా వదిన, ఇవాళ టాపిక్ గులాబీల కత్తిరింపు, వానలు తగ్గాక…

రమ: ఎండినవి, పెన్సిల్ కన్నా సన్నవి తీసేయండి, చిగురొచ్చే కన్ను పైన ఏటవాలుగా కొయ్యండి. అయిపోయింది. నాయనమ్మ గులాబీ మొగ్గేసిందంట?

ఉష: అంతేనా! బొప్పాయి ఎపిసోడ్ కూడా ఇట్టాగే చేశావ్.

రమ: బొప్పాయి ఊసెత్తకు.

ఉష: సరే సరే. నాలుగు మొగ్గలు. నిన్న పొద్దున ఒకటి విచ్చుకుంది, బాల్కనీ తలుపు తీయగానే మన బావి గట్టు దగ్గర నిలబడ్డట్టే ఉంది. పన్నీరు గులాబీయే, ఇంక వాదన లేదు.

రమ: పన్నీరు గులాబీ అంటే ఒక రకం కాదు ఉషా, గుమగుమలాడే లేత గులాబీరంగు పువ్వు ఏది కనపడినా అదే అంటారు. మూడు నర్సరీల్లో అడిగితే మూడు వేరే మొక్కలిచ్చారు నాకు. నీది ఎడ్వర్డ్ గులాబీ. అంటు కట్టేటప్పుడు అడుగున వాడే మొక్కల్లో అదొకటి…

ఉష: వచ్చింది! మళ్ళీ అంటు మాట వచ్చింది!

రమ: రాదా మరి? పైన కట్టిన రకం చచ్చిపోద్ది, కింద నుంచి పిలక లేస్తుంది, దానికి నీళ్ళు పోసి పెంచి తాతముత్తాతల ఆస్తి అంటాం.

ఉష: నాయనమ్మ అంటు మొక్క కొన్లేదు వదినా. పక్కింటావిడ కొమ్మిస్తే కొసకి పేడ ముద్ద పెట్టి గుచ్చింది, నేను పక్కనే ఉన్నా.

రమ: ఆ పక్కింటావిడకెక్కడిది?

ఉష: ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు, ఎవర్నడగను?

రమ: అదీ. నాయనమ్మది డమాస్క్ గులాబీ అంటావ్, అది కనౌజ్ అత్తరు వాళ్ళది, పుష్కర్ వాళ్ళది, మార్చి ఏప్రిల్లో ఒక్కసారి విరగబూసి ఊరుకుంటుంది, చలి తగలాలి దానికి. మనదేమో వినాయక చవితికీ పూసేది, సంక్రాంతికీ పూసేది.

ఉష: రెండోసారి పూసే డమాస్క్ కూడా ఉందిగా!

రమ: ఉంది. దానికీ చైనా గులాబీకీ పుట్టిందే ఎడ్వర్డ్, హిందూ మహాసముద్రంలో ఇప్పటి రీయూనియన్, అప్పట్లో బూర్బన్ దీవి, అక్కడ పొలం కంచెల్లో రెండూ పక్కపక్కనే పెంచేవాళ్ళు, ఎవరూ కలపకుండానే కలిశాయి. 1819 ప్రాంతంలో గింజలు ఫ్రాన్స్ వెళ్ళాయి.

ఉష: అయితే సగం డమాస్కే కదా, నేను మొత్తుకునేది అదే!

రమ: సగం మీ నాయనమ్మ నోరొచ్చింది నీకు, నువ్వు ఆవిడైపోతావా?

ఉష: (నవ్వు) పోనీలే.

రమ: నాకో కొమ్మియ్యి.

ఉష: గోడ కోసం నాయనమ్మ మొక్కని మొదలంటా కొట్టేసిన ఇంటికా?

రమ: …ఆ రోజు నేను గుంటూరులో ఉన్నా. వచ్చేసరికి గుంట కూడా పూడ్చేశారు. మీ అన్నయ్యనడుగు.

ఉష: అడిగా. "మొక్కే కదా" అన్నాడు.

రమ: నాతోనూ అదే అన్నాడు.

ఉష: …పూత అవనీ, రెండు కొమ్మలు తెస్తా. పేడ దొరుకుద్దా అక్కడ?

రమ: మా వీధిలో ఆవులకేం లోటు. ముందు ఫోటో పంపు, ఆకు అడుగు వైపు, నూగుందేమో చూస్తా.

ఉష: పంపా.

రమ: ఇది పువ్వు. ఆకు అన్నా.

ఉష: ఆగు, ఇక్కడ లైటు… అబ్బా, ముల్లు!

రమ: వంకరగా ఉందా, తిన్నగా ఉందా?

ఉష: రక్తం వస్తోంది వదినా!

రమ: అది సరే, వంకరా?