మార్షా రో: టైప్‌రైటర్ దగ్గర నేర్చుకున్న పత్రికా రచన

శ్రోతలందరికీ నమస్కారం.

ఈరోజు మీకు మార్షా రో అనే పాత్రికేయురాలి గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆమెది ఆస్ట్రేలియా. లండన్ వెళ్ళి అక్కడ మరో యువతితో కలిసి 'స్పేర్ రిబ్' అనే స్త్రీల పత్రిక పెట్టారు. అది 1972 నుంచి 1993 దాకా నడిచింది. పెట్టుబడిదారులెవరూ వెనక లేని ఒక చిన్న పత్రిక ఇరవై ఏళ్ళకు పైగా నిలబడిందంటే, దాన్ని మొదలుపెట్టినవాళ్ళకు పత్రిక పని అడుగు నుంచీ తెలిసి ఉండాలి. ఆ పని మార్షా ఎక్కడ నేర్చుకున్నారన్నదే నాకు ముఖ్యంగా అనిపించే విషయం.

1960లలో పాశ్చాత్య దేశాల యువతరం పెద్దలను నిలదీస్తున్న కాలం. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఊరేగింపులు, కొత్త సంగీతం, కొత్త జీవన పద్ధతులు. పెద్ద దినపత్రికలు ఈ గొంతులను పట్టించుకోలేదు. అదే సమయంలో ఆఫ్‌సెట్ ముద్రణ చవకైంది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ కూర్చే పని తప్పింది. టైపు చేసిన కాగితాలు కత్తిరించి, బొమ్మలతో కలిపి అట్ట మీద అతికించి, దాన్ని ఫొటో తీసి ప్లేటు చేయిస్తే పేజీ తయారైనట్టే. కత్తెర, జిగురు, టైపు మిషన్ ఉంటే చాలు, ఎవరైనా పత్రిక పెట్టొచ్చు. అలా పుట్టిన వాటికి అండర్‌గ్రౌండ్ పత్రికలని పేరు. పేరు అలా ఉన్నా, అవి వీధుల్లో బాహాటంగానే అమ్ముడుపోయేవి.

వాటిలో బాగా పేరున్నది 'ఓజ్'. 1963లో సిడ్నీలో మొదలైంది. మార్షా అక్కడే సెక్రటరీగా చేరారు. తర్వాత కొన్నాళ్ళు ఫ్యాషన్ పత్రిక 'వోగ్'లో పనిచేశారు. లండన్ చేరాక మళ్ళీ 'ఓజ్' మనుషులతోనే కలిశారు. ఎందుకంటే దాని సంపాదకుడు రిచర్డ్ నెవిల్ అప్పటికే లండన్ వచ్చి, 1967 నుంచి అక్కడా 'ఓజ్' నడుపుతున్నారు.

1970లో 'ఓజ్' ఒక సంచికను స్కూలు పిల్లల చేతికిచ్చి వాళ్ళతోనే తయారు చేయించింది. అందులో అశ్లీలం ఉందంటూ ప్రభుత్వం కేసు పెట్టింది. 1971 వేసవిలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో వారాల తరబడి విచారణ సాగింది. నెవిల్‌కు 15 నెలలు, మిగతా ఇద్దరు సంపాదకులకు అంతకంటే తక్కువ జైలుశిక్ష వేశారు. అప్పీలులో ఆ శిక్షలు రద్దయ్యాయి. ఆ కేసులో పత్రిక తరఫు వాదన సిద్ధం చేసే పనిలో మార్షా కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. భావ స్వేచ్ఛ కోసం జైలుకెళ్ళడానికి సిద్ధపడిన ఆ పత్రికల ఆఫీసుల్లో టైపు ఎవరు కొట్టారు? ఫోన్లు ఎవరు ఎత్తారు? చందాల లెక్కలు ఎవరు చూశారు, టీ ఎవరు పెట్టారు? ఆడవాళ్ళే. వ్యాసం మీద పేరు మాత్రం చాలాసార్లు మగవాళ్ళది. పేజీల్లో ఆడవాళ్ళ దేహం కనిపించినంతగా వాళ్ళ మాట వినిపించలేదు. అమెరికాలోనూ ఇదే పరిస్థితి. 1970లో న్యూయార్క్‌లో 'ర్యాట్' అనే పత్రికను అక్కడి ఆడవాళ్ళు తమ చేతుల్లోకి తీసుకున్నారు కూడా. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసినవాళ్ళకు పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి కనబడకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1971 చివర్లో మార్షా, ఆమె స్నేహితురాలు లూయీస్ ఫెరియర్ కలిసి, ఇలాంటి పత్రికల్లో పనిచేసే ఆడవాళ్ళందరినీ ఒకచోటికి పిలిచారు. ఆఫీసు పని గురించి మొదలైన మాటలు కాన్పులు, అబార్షన్లు, సంసారం దాకా వెళ్ళాయి. అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోని సంగతులు అవి. అలాంటి సమావేశాల నుంచే సొంత పత్రిక ఆలోచన పుట్టింది. 'ఫ్రెండ్జ్' పత్రికలో పనిచేసే రోజీ బాయ్‌కాట్ ముందుకొచ్చారు. ఆమెకు అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటాయంతే.

పేజీ ఎలా అతికించాలి, ముద్రణకు ఎంతవుతుంది, ప్రకటనలు ఎలా తేవాలి, ఏజెంట్లతో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ మార్షాకూ రోజీకీ తెలుసు. ఇన్నాళ్ళూ చిన్నపని అని అందరూ పక్కన పెట్టిన పనే వాళ్ళ పెట్టుబడి అయింది. మార్షా జీవితంలో నేను అన్నిటికంటే ముందు చెప్పాలనుకునేది ఇదే. పత్రిక నడపడమంటే సంపాదకీయం రాయడం ఒక్కటే కాదు.

1972 వేసవిలో మొదటి సంచిక వచ్చింది. దేశమంతా శాఖలున్న డబ్ల్యూ.హెచ్.స్మిత్ దుకాణాలు దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. అయినా పాఠకులు వెతుక్కుని కొన్నారు. మామూలు ఆడవాళ్ళ పత్రికలా వంటా కుట్టూ ఉండేవి, వాటి పక్కనే సమాన వేతనం, భర్త కొట్టే దెబ్బలు, రాత్రిళ్ళు ఆఫీసులు ఊడ్చే కార్మికుల పోరాటం ఉండేవి. బ్రిటన్‌లో మగ మనిషి హామీ లేకపోతే ఆడవాళ్ళకు ఇంటి లోను దొరకడం కష్టమైన రోజులవి. తర్వాతి ఏళ్ళలో లండన్ గ్రన్విక్ ఫొటో లేబరేటరీలో గుజరాతీ మహిళ జయాబెన్ దేశాయ్ నడిపిన సమ్మె గురించి కూడా ఈ పత్రిక రాసింది.

1973లో కార్మెన్ కాలిల్ 'విరాగో' ప్రచురణ సంస్థ పెట్టినప్పుడు మార్షా, రోజీ తోడు నిలిచారు. ఆ ఏడాది చివర్లోనే 'స్పేర్ రిబ్' సమష్టి సంపాదకత్వానికి మారింది. అంటే సంపాదకురాలన్న పదవే లేదు, నిర్ణయాలన్నీ అందరూ కూర్చుని తీసుకోవాలి. తాను కష్టపడి కట్టుకున్న కుర్చీని మార్షా తానే వదులుకున్నారు. గంటల తరబడి వాదనలు, చాలీచాలని జీతాలు, బోలెడు టెన్షన్. కానీ ఒకరు రాసి, మరొకరు టైపు కొట్టే పద్ధతిని నిజంగా పోగొట్టాలంటే ఆ కష్టం తప్పదని నేను నమ్ముతాను. 1980లలో నల్లజాతి స్త్రీలు, ఆసియా స్త్రీలు ఆ బృందంలోకి వచ్చి, ఇక్కడ కూడా మా మాట వినడం లేదని గట్టిగా నిలదీశారు. ఆ తగాదాలు పత్రికలోనే అచ్చయ్యాయి. దాచకుండా అచ్చు వేయడం చాలా ధైర్యమైన పని.

రోజీ తర్వాత 'ఇండిపెండెంట్', 'డైలీ ఎక్స్‌ప్రెస్' వంటి పెద్ద దినపత్రికలకు సంపాదకురాలయ్యారు. మార్షా మాత్రం 1982లో 'స్పేర్ రిబ్'లోని మంచి రచనలను ఏరి పెంగ్విన్ ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకంగా తెచ్చారు. 2015లో బ్రిటిష్ లైబ్రరీ మొత్తం 239 సంచికలను ఇంటర్నెట్‌లో పెట్టింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక కాపీరైటు నిబంధనలు మారడంతో 2021లో వాటిని తీసేయాల్సి వచ్చింది, ఎందుకంటే రాసినవాళ్ళలో చాలామంది ఎక్కడున్నారో వెతికి పట్టుకోలేకపోయారు. ఆసక్తి ఉన్న శ్రోతలు మార్షా కూర్చిన ఆ పెంగ్విన్ సంకలనం కోసం పెద్ద గ్రంథాలయాల్లో అడిగి చూడండి.

నమస్కారం.