రాత్రి డ్యూటీ నుంచి నాయకత్వం దాకా: విశాఖలో బాలల సంరక్షణ

[దృశ్యం: విశాఖపట్నం రైల్వే స్టేషన్, రాత్రివేళ ప్లాట్‌ఫాం]

వ్యాఖ్యానం: హౌరా–చెన్నై ప్రధాన మార్గమూ, అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైనూ విశాఖకు చేరుతున్నందువల్ల, ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు, పనికోసం ఎవరో వెంటబెట్టుకొచ్చిన పిల్లలు ఈ స్టేషన్‌లో దిగుతుంటారు. అలాంటి బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. బిడ్డ ఎక్కడ ఉండాలో ఆదేశం ఇచ్చేది కమిటీ. ఆ రాత్రి అన్నం పెట్టి, బెదురు పోగొట్టి, ఏ ఊరో మెల్లగా తెలుసుకునేది మాత్రం బాలల గృహంలో డ్యూటీలో ఉన్న కేర్‌టేకర్.

[దృశ్యం: బాలల గృహం, భోజనాల గది]

దిండు కింద చపాతీ దాచుకున్న పిల్లవాణ్ని దొంగగా చూడాలా, మరో పూట తిండి దొరుకుతుందన్న నమ్మకం లేనివాడిగా చూడాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవలసింది ఆ కేర్‌టేకరే. పక్క తడిపే పిల్లలతో, వారాల తరబడి పెదవి విప్పని పిల్లలతో మెలగడం ఒక్కరోజు సదస్సులో వచ్చే విద్య కాదు (హాజరు పట్టీలో సంతకాలు మాత్రం నిండుతాయి). అనుభవజ్ఞులైన సహోద్యోగి పక్కన కొంతకాలం పనిచేసి, ప్రతి వారం ఒక బిడ్డ విషయం తీసుకుని, ఏం చేశాం, ఎందుకు చేశాం అని నిష్ఠూరాలు లేకుండా చర్చించుకుంటేనే ఆ నేర్పు అలవడుతుంది.

[దృశ్యం: పాడేరు వైపు ఘాట్ రోడ్డు]

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. జిల్లాకు కనీసం ఒక సంక్షేమ కమిటీ ఉండాలన్నది చట్టం. కమిటీని ఉత్తర్వుతో ఏర్పాటు చేయవచ్చు; కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే బిడ్డతో ఆ భాషలోనే మాట్లాడగల కేర్‌టేకర్‌ను అలా తయారుచేయలేం. నగరం నుంచి వచ్చే నిపుణులు, ఫీల్డ్‌వర్క్‌కు వచ్చే సోషల్ వర్క్ విద్యార్థులు ఎంత సాయపడినా, గడువు తీరాక వెళ్లిపోతారు. అందుకే ఏజెన్సీ గ్రామాల యువతీయువకులనే చేర్చుకుని, కేర్‌టేకర్ నుంచి సీనియర్‌గా, ఆపై కొత్తవారికి నేర్పేవారిగా ఎదిగే దారి చూపాలి. జీతం పెరగకుండా బాధ్యత మాత్రమే పెంచితే, నేర్చుకున్నవారు మరో ఉద్యోగం చూసుకుంటారు, వారిని తప్పుపట్టలేం.

[దృశ్యం: పిల్లల కమిటీ సమావేశం]

నాయకత్వం సిబ్బందికే పరిమితం కాదు. ప్రతి గృహంలోనూ 6–10, 11–15, 16–18 ఏళ్ల వయోవర్గాలకు వేర్వేరుగా పిల్లల కమిటీలు ఉండాలని 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు నిర్దేశించాయి. సాంబారు నీళ్లలా ఉందని ఒక పిల్ల కమిటీలో చెబితే, మరుసటి వారం వంటలో మార్పు కనబడాలి. లేకపోతే ఆ కమిటీ రిజిస్టరులో పేర్లకే మిగులుతుంది.

[దృశ్యం: ఉపాధి శిక్షణ కేంద్రం]

18 ఏళ్లు నిండి గృహం విడిచినవారికి 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు అనంతర సంరక్షణ అందించే వీలుంది. లోపలి జీవితం తెలిసిన ఈ యువతను సభల్లో తమ కన్నీటి కథ చెప్పించడానికే పిలవడం అన్యాయం. వారిలో ఇష్టమున్నవారికి జీతంతో, శిక్షణతో, పైనుంచి ఒక సీనియర్ పర్యవేక్షణతో, కొత్తగా గృహం విడుస్తున్నవారికి అద్దె గది, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో చిరునామా మార్పు వంటి పనుల్లో తోడుండే ఉద్యోగం ఇవ్వాలి.