దృష్టి పెడితే మెదడుకు రక్తం ఎక్కువ పడుతుందా?

వ్యాఖ్యాత: పరీక్ష రాస్తుంటే తలకు రక్తం ఎక్కువ పడుతుందంటారు. నిజమేనా డాక్టరుగారూ?

న్యూరాలజిస్టు: మొత్తం మీద చూస్తే తేడా తక్కువేనండీ. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు, ఊరికే కూర్చున్నా గుండె పంపే రక్తంలో 15 శాతం, అంటే నిమిషానికి సుమారు 750 మి.లీ. తీసుకుంటుంది. దృష్టి పెట్టినప్పుడు మారేది పంపకం. పని జరిగే చోట సన్న ధమనులు వెడల్పవుతాయి.

వ్యాఖ్యాత: ఆక్సిజన్ అయిపోతే రక్తం వస్తుందన్నమాట.

ఎం.ఆర్.ఐ. నిపుణురాలు: అందరూ అలాగే అనుకుంటారు. కానీ వాడకానికి మించే వచ్చిపడుతుంది. 1986లో ఫాక్స్, రైకిల్ అనే శాస్త్రవేత్తలు వేళ్ళకు ప్రకంపన ఇచ్చి, రక్తప్రవాహాన్నీ ఆక్సిజన్ వాడకాన్నీ కొలిచే పెట్ స్కానుతో చూస్తే, మెదడులో ఆ స్పర్శను అందుకునే చోట రక్తప్రవాహం 29 శాతం పెరిగింది, ఆక్సిజన్ వాడకం 5 శాతమే. ఆ మిగులే మా ఎం.ఆర్.ఐ. సంకేతం. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో అది 1, 2 శాతమే ఉంటుంది. పైగా శిఖరానికి చేరేసరికి 5, 6 సెకన్లు. దృష్టి మరలడానికి అర సెకను చాలు కదా! అందుకే ఒక్క ప్రయత్నం చూసి ఏమీ చెప్పలేం, చాలా ప్రయత్నాల సగటు తీయాలి.

వ్యాఖ్యాత: మరి అరగంట పాటు కళ్ళప్పగించి చూసే పనుల్లో?

న్యూరాలజిస్టు: అక్కడ డాప్లర్, అంటే ధ్వని తరంగాలతో రక్తం వేగాన్ని కొలిచే పరికరం, బాగా పనికొస్తుంది. చెవి ముందు కణత మీద జెల్ రాసి, 2 మెగాహెర్ట్జ్ ప్రోబు ఆనించి, 50 మి.మీ. లోతున మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనుల్లో ఒకటైన మిడిల్ సెరిబ్రల్ ధమనిని పట్టుకుంటారు. అందులో రక్తం వేగం సెకనుకు 60 సెం.మీ. అటూఇటూ. రాడార్ తెర లాంటిదాన్ని కాపలా కాసేవాళ్ళలో సమయం గడిచేకొద్దీ గుర్తించడం తగ్గుతుంది, దాంతోపాటే ఈ వేగమూ, ముఖ్యంగా కుడివైపు. పనేమీ ఇవ్వకుండా అదే తెర చూడమంటే తగ్గదు.

నిపుణురాలు: ఒక మాట. డాప్లర్ కొలిచేది వేగం, పరిమాణం కాదు. ధమని వెడల్పు మారలేదన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలుస్తుంది.

న్యూరాలజిస్టు: ఔను. ఇంకో చిక్కు ఊపిరి. కష్టమైన ప్రశ్న రాగానే మనిషి శ్వాస బిగబడతాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 1 మి.మీ. పాదరసం పెరిగితే ప్రవాహం 3, 4 శాతం ఎగబాకుతుంది. అది ఏకాగ్రతగా కనబడి మోసం చేస్తుంది. అందుకే ముక్కు దగ్గర గొట్టంతో విడిచే గాలినీ కొలుస్తారు.

వ్యాఖ్యాత: ఈ కొలతలకు ముందు కాఫీ తాగొచ్చా?

నిపుణురాలు: వద్దు. కెఫీన్ రక్తనాళాలను ముడుస్తుంది, ప్రవాహం పడిపోతుంది. అలాగని రోజూ తాగేవాళ్ళను ఉన్నపళంగా మానిపిస్తే ప్రవాహం మామూలుకన్నా పెరుగుతుంది. ఎవరు ఎంత తాగుతారో రాసుకుని, అందరికీ ఒకే నియమం పెట్టాలి.