మార్చిలో హార్స్‌లీ హిల్స్: గాలికి నూరు మార్కులు, గీజరుకు సున్నా

నమస్కారం అప్పా! ముందుగానే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం కొండ మీద ఒక లాడ్జి వాళ్లు రెండు రాత్రులు గది ఊరికే ఇచ్చారు. పేరు మాత్రం చెప్పను. ఎందుకో గీజరు దగ్గరికొచ్చాక మీకే తెలుస్తుంది.

వ్యూ పాయింట్లు ఎన్ని, పార్కు టికెట్టు ఎంత, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఏనుగు మల్లమ్మ కొండకు ఈ పేరు తెచ్చిన హార్స్‌లీ దొర కడప జిల్లా కలెక్టరు, ఈ కొండ ఉన్న మదనపల్లె ప్రాంతం అప్పట్లో కడప కిందే ఉండేది. ఎండ తట్టుకోలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మనం పోయేదీ అందుకే కదా!

ఇంతకీ చల్లగా ఉంటుందా? లెక్క చూడండి. అనంతపురం ఎత్తు 350 మీటర్ల లోపు, కొండ 1,260 మీటర్ల పైచిలుకు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద 39 ఉంటే పైన 33. మధ్యాహ్నం రెండింటికి కారు దిగి, "ఇదేం హిల్ స్టేషను సామీ" అని తిట్టుకునేది ఇందుకే. ఊటీ 2,240 మీటర్లు, దానితో పోల్చొద్దు. కాకపోతే ఊటీకి 2024 మే నుంచి బండికి ఈ-పాస్ తీసుకోవాలి, ఇక్కడ ఆ గోల లేదు.

మార్చిలో ఈ కొండను చూడాల్సింది సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా. అందులోనూ గాలిబండ, అంటే కొండ అంచున గాలి కొట్టే రాతిబండ. నా మటుకు సగం వీడియో దీనికే ఇవ్వొచ్చు. పగలంతా ఎండకు వాలు కాగి, వేడెక్కిన గాలి వాలు వెంబడే పైకి ఎగదన్నుతుంది. ఆ పోటు బండ అంచున ముఖానికి కొడుతుంది. ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులిచ్చాక ఇదే బండ మీద నిలబడే చోటుండదు, స్పీకర్లు, సెల్ఫీలు. మార్చిలో మంగళవారమో బుధవారమో పోతే గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. టోపీ, తువ్వాలు చేత్తో పట్టుకోండి. వాలుగా ఉండే బండ, పైన ఎండిన ఆకులుంటే కాలు జారుతుంది, చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. దూరపు కొండలు కనపడాలంటే మాత్రం తెల్లవారుజామునే పోవాలి. వానల్లేక దుమ్ము గాల్లోనే ఉంటుంది, ఎండెక్కేసరికి అంతా బూడిదరంగు తెర.

ఇంక గది. ఆఫ్ సీజన్‌లో తక్కువకే వస్తుంది, బేరమాడితే ఇంకా తగ్గుతుంది. కానీ ఆ గది ఎన్నాళ్లుగా మూసి ఉందో ఎవరూ చెప్పరు. డబ్బు కట్టకముందే లోపలికి పోయి కొళాయి విప్పండి. పైపులో నిలవున్న తుప్పు నీళ్లు పోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత గీజరు వేసి కిటికీలు తెరవండి, ముక్కవాసన ఉంటే పరుపు మార్చమనండి. పదిహేను లీటర్ల గీజరు, రెండు కిలోవాట్లది అయితే, పావుగంటలో స్నానానికి సరిపడా కాగాలి. మాకిచ్చిన గదిలో అరగంటైనా గోరువెచ్చనే! లోపలి కాయిల్‌కు ఉప్పు పట్టి ఉండొచ్చు, థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు, అది మనం విప్పి చూసే పని కాదు. గది మార్చమని అడగడమే. సగం గదులు ఖాళీగానే ఉంటాయి, కాదనరు.

తిండి గురించి ఒక్క మాట. జనం తక్కువ కాబట్టి వంట ముందుగా చేసి పెట్టరు. రాత్రి భోజనం ఆరింటిలోపే చెప్పుకోండి, లేకుంటే బిస్కెట్లే. చేతిలో నగదు ఉంచుకోండి. పొద్దున బయల్దేరే అనంతపురం వాళ్లు కదిరిలో ఉగ్గాణి, బజ్జీ తిని ములకలచెరువు మీదుగా బి.కొత్తకోటకు పోవడం మేలు, పెట్రోలు కూడా కిందే కొట్టించండి. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు ఏ రోజో చూసుకోకపోతే మాత్రం ఊరు దాటడానికే పూట గడిచిపోతుంది.

కోతులు ఉన్నాయి, కారు అద్దాలు దించి పోవద్దు. గడ్డి ఎండి ఉంటుంది, బీడీ ముక్క ఒక్కటి చాలు అడవి అంటుకోవడానికి.

గులాబీలు, మంచు, జలపాతం కావాలంటే ఇప్పుడు రావద్దు. మోదుగు పూలు ఉంటాయి, మామిడి పిందెలుంటాయి, గాలి ఉంటుంది. గీజరు ఎంత ఏడిపించినా నేను "పోండి" అనే చెప్తా, ఆ బండ కోసం.

దిగేటప్పుడు న్యూట్రల్ వేసి ఇంజన్ ఆపి పెట్రోలు మిగిల్చేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు. ఇంజన్ ఆగితే బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగూ పోతుంది. రెండో గేరులో దిగండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. కాల్చిన వాసనొస్తే బ్రేకులు కాగాయని అర్థం, వెడల్పున్న చోట ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, డిస్కు వంకరపోతుంది.