ఆటోనగర్ లేని ఊళ్లో స్పాయిలర్

అందరికీ నమస్కారం అండీ. కాన్సస్ రాష్ట్రం ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వీడియోలో కారు డిక్కీ మీద టేపేసి అతికించిన అట్టముక్క చూసి మా పిన్ని ఫోన్ చేసింది, "ఏరా, వెనక నుంచి ఎవరైనా డాష్ ఇచ్చారా?" అని. ఎవరూ ఇవ్వలేదు పిన్నీ. అది స్పాయిలర్‌కి, అంటే డిక్కీ చివర గాలికి అడ్డంగా నిలబెట్టే షీటుకి, తీసుకున్న కొలత. ఇవాళ దాన్ని బిగిస్తున్నాను, చూడండి.

ఇదంతా ఆటోక్రాస్ అనే కార్ల పోటీ కోసం. ముందు అదేంటో చెప్తాను. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి వంకరటింకర దారి వేస్తారు. ఒక్కో కారూ విడిగా వెళ్తుంది, గడియారంతోనే పోటీ. కోన్ తగిలి పడితే రెండు సెకన్లు కలుపుతారు. దీన్ని నడిపే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) 1944లో పెట్టిన క్లబ్బు, ఆఫీసు మా రాష్ట్రంలోనే, టొపీకాలో ఉంది. జాతీయ పోటీలు పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో, లింకన్‌లో జరుగుతాయి. నాది 1999 మాజ్డా మియాటా, రెండే సీట్ల చిన్న కారు. వేగంగా తిప్పినప్పుడు వెనక భాగం తేలిపోతోంది. డిక్కీ చివర అడ్డు నిలబెడితే వచ్చే గాలి దాని ముందు కూడుకుని డిక్కీని కిందకి నొక్కుతుంది. 30 మైళ్ల వేగంలో ఉన్న నొక్కుడు 60 మైళ్లకి నాలుగింతలవుతుంది.

పోటీలో నా కారు ఉన్న విభాగం పేరు స్ట్రీట్ ప్రిపేర్డ్. దాని రూల్ బుక్కు నాకు భలే ఇష్టం. స్పాయిలర్ ఏ వైపుకీ బాడీ నుంచి 10 అంగుళాలు దాటకూడదు. కారు వెడల్పు మించకూడదు. రెండు చివర్లా పలకలు నిలబెట్టకూడదు. ముఖ్యంగా అది వింగ్‌లా పనిచేయకూడదు, అంటే గాలి పైనుంచే పోవాలి, కింద నుంచి దూరకూడదు. అందుకే డిక్కీకీ దానికీ మధ్య సందు లేకుండా రబ్బరు పట్టీ వేశాను.

ఇక అసలు సంగతి. మాది విజయవాడ. అక్కడ ఇలాంటిదేదైనా కావాలంటే చేసుకోం, చేయిస్తాం. ఆటోనగర్‌కి బండి తీసుకెళ్తే అన్నా, ఇక్కడ ఇంత రేకు కావాలి అంటే చాలు. మనం టీ తాగేలోపు వంచి, రివెట్లు కొట్టి, రంగు కూడా వేసి ఇచ్చేస్తారు. ఇక్కడ ఒక షాపులో అడిగాను. గంటకి 130 డాలర్లు, నాలుగు గంటల పని అన్నారు. డాలరుకి 85 చొప్పున వేసుకుంటే 44,200 రూపాయలు! వాళ్ల తప్పేం లేదు, ఇక్కడ మనిషి కష్టానికి అంత విలువ ఉంది. అది నాకు నచ్చుతుంది కూడా. కానీ ఆ విలువ ఇచ్చుకోలేనప్పుడు రంపం మనమే పట్టుకోవాలి. పన్నెండేళ్లలో ఈ దేశం నాకు బాగా నేర్పింది ఇదే, చేయించుకోవడం మానేసి చేసుకోవడం.

పొద్దున్నే రివెట్ల కోసం బయల్దేరాను. దారిలో ఇండియన్ స్టోర్‌కి గోంగూర వచ్చిందని వాట్సాప్‌లో పెట్టారు. ఆగకుండా ఎలా ఉంటాం? కట్ట 4 డాలర్లు, మన 340. మూడు కట్టలు తీసుకున్నా. అక్కడ గుంటూరు వాళ్లు కలిస్తే మాటల్లో గంట గడిచిపోయింది. రివెట్లు మాత్రం మర్చిపోయి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

పోయిన వారం స్పాయిలర్ కోసం 30 డాలర్లకి అక్రిలిక్ షీట్ కొన్నాను. చూడ్డానికి పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ లాగే ఉంది. మూడో బెజ్జం వేస్తుండగా టప్పుమని చివరిదాకా చీలిపోయింది. 2,550 రూపాయలు పోయాయి. అందుకే ఇప్పుడు పాలికార్బొనేట్ వాడుతున్నాను, అది వంగుతుంది గానీ అలా పగలదు. పని అయ్యేదాకా దాని మీద ప్లాస్టిక్ పొర తీయకండి, గీతలు పడతాయి. బెజ్జం రివెట్ కంటే కాస్త పెద్దదిగా వేయండి, ఎండకి షీట్ సాగుతుంది.

డిక్కీ వంపు పట్టుకోవడానికి అమ్మ పద్ధతే వాడాను. అమ్మ జాకెట్టు కటింగ్‌కి ముందు పేపరు మీద కోసి, ఒంటికి పెట్టి చూసి, మళ్లీ కోసేది. నేనూ అట్ట మీద నాలుగుసార్లు కోశాక అంచు డిక్కీకి అతుక్కుంది. కింద బిగించే అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) తిన్నగా ఉంటుంది కదా, ఒక రెక్కకి రెండేసి అంగుళాలకి గాటు పెడితే వంపుతో పాటు తిరిగింది. మొత్తం 85 డాలర్లు, 7,225 రూపాయలు.

మధ్యాహ్నం రెండింటికి మా నాన్నగారికి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పన్నెండున్నర. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డులో పనిచేశారు. నన్ను మాత్రం ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఆదివారం అన్నం క్యారేజీ తీసుకెళ్లినా బయటే ఆపి, "చదువుకో పో" అనేవారు.

కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"రెండు చివర్లా గాలి పక్కకి జారిపోదట్రా? చిన్న పలకలు నిలబెట్టు."

నేనైతే ఉండబట్టలేకపోయాను. ఆ పలకలు అంత పనిచేస్తాయనే రూల్ బుక్కులో వద్దని రాశారు నాన్నా, అని చదివి వినిపించాను. ఏ పుస్తకమూ చూడకుండా ఆయన చెప్పేశారు.

"ఎత్తు ఎంతవరకు ఉండొచ్చు?"

"పది అంగుళాలు. నేను ఎనిమిదిన్నర పెట్టాను. వెనక మరీ నొక్కితే ముందు చక్రాలు మలుపు తిరగడానికి మొరాయిస్తాయి."

"సరే. రివెట్లు ఈ చివర నుంచి మొదలెట్టావేంటి? షీటు ఉబ్బుతుంది. మధ్యలో ఒకటి కొట్టి, అటొకటి ఇటొకటి వెళ్లు. షీటు వైపు వాషర్లు వెయ్."

కొట్టిన నాలుగూ డ్రిల్లుతో తీసేశాను. పొద్దుపోయింది, పడుకోండి నాన్నా అన్నాను.

"ఫోను ఆ టూల్ బాక్సు మీద పెట్టు. చెయ్యి కనపడేలా పెట్టు. నువ్వు కొట్టు, నేను చూస్తా."

ఇరవై రెండు రివెట్లు. అన్నీ అయ్యేదాకా నాన్న ఫోను పెట్టేయలేదు.